బకాసురుడి మీద హక్కెవరిది?

భారతంలోని ఏకచక్రపురం మన బోధనేనని ఇక్కడివాళ్ల నమ్మకం. భీముడు బకాసురుణ్ని చంపింది ఇక్కడే అంటారు. ఆ కథతో రోల్‌ప్లేయింగ్ గేమ్ పుస్తకం రాసి, నిజామాబాద్‌లో అచ్చు వేసి, ఓపెన్ లైసెన్సు కింద వదలాలనుకునేవారికోసం ఈ వ్యాఖ్యానం. 2000లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ తెచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్సు 1.0ఎ దీనికి మూలం.

ఓపెన్ గేమ్ కంటెంట్: ఎవరైనా తీసుకుని వాడుకోదగిన భాగం. ఆట నడిచే పద్ధతి ఇందులోకి వస్తుంది. ఉదాహరణకు ఈ నియమం: "బకాసురుడికి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి అందాలి. బండి రాని ప్రతి రోజూ అతని కోపం రెండు పాయింట్లు పెరుగుతుంది." ఇలాంటిది నలుగురికీ ఇవ్వాల్సిందే. ఆలోచనకు కాపీరైటు లేదని, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. మీరు లైసెన్సు ఇచ్చేది ఆ తీరుకే, అంటే మీరు రాసిన వాక్యాలకే.

ప్రొడక్ట్ ఐడెంటిటీ: మీ దగ్గరే ఉంచుకునేది. పుస్తకం పేరు, లోగో, బొమ్మలు, మీరు పుట్టించిన పాత్రలు, వాళ్ల కథలు. చిక్కంతా ఇక్కడే. విజార్డ్స్ వాళ్లు డ్రాగన్‌ను, గోబ్లిన్‌ను అందరికీ వదిలి, బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి పేర్లను అట్టిపెట్టుకున్నారు. మనం కూడా అక్కడే గీత గీయాలి. బకాసురుడు నన్నయ ఆదిపర్వంలో పదకొండో శతాబ్దంలోనే ఉన్నాడు. అతని పేరును మీ జాబితాలో చేర్చుకోవడమంటే ఊరి చెరువును సొంత పేరున పట్టా చేయించుకోవడమే. మీ చిత్రకారుడు గీసిన బకాసురుడి బొమ్మ సంగతి వేరు. 2015లో ఇక్కడి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడిన నాటినుంచి కంటిమీద కునుకు లేని చెరకుతోట కాపలాదారును మీరే కల్పిస్తే, అతని సంగతీ వేరు. ఆ రెండూ మీవే.

స్పష్టంగా చూపడం: ఇది 8వ నిబంధన. "నియమాలు ఓపెన్, మిగతాది మాది" అని చివరి పేజీలో ఒక ముక్క రాసి ఊరుకుంటే చాలదు. ఒకే పేరాలో నియమం, కథ కలిసిపోతే చదివేవాడు ఎక్కడని విడదీస్తాడు? నియమాలను గళ్లు కట్టి వేయండి. గడిలో ఉన్నదే ఓపెన్ అని మొదట్లోనే చెప్పండి. కాపలాదారు పేరు గడిలోకి జారితే తీసేసి, "కాపలాదారు" అని మాత్రం ఉంచండి. డీటీపీకి ఇవ్వకముందే ఈ పని అయిపోవాలి.

15వ నిబంధన: ఎవరి ఓపెన్ పాఠం వాడుకుంటే వాళ్ల కాపీరైటు నోటీసు, దాని కింద మీది. లైసెన్సు పూర్తి పాఠం కూడా ప్రతి కాపీలో ఉండాలి.

సీసీ బై 4.0 (క్రియేటివ్ కామన్స్ లైసెన్సు): విజార్డ్స్ తన పాత ఓపెన్ గేమ్ లైసెన్సును మార్చబోతే ఆటగాళ్లు తిరగబడ్డారు. దాంతో 2023 జనవరిలో ఆ సంస్థ తన ఆటకు చెందిన 5.1 నియమాల పత్రాన్ని సీసీ బై కింద కూడా విడుదల చేసింది. ప్రొడక్ట్ ఐడెంటిటీ అనే మాట ఇందులో లేదు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడమూ కుదరదు. అందుకే నియమాలను విడి పుస్తకంగా తీసి, దానికి మాత్రమే సీసీ బై పెట్టడం మేలు. బండెడు అన్నం నియమం అందులోకి వెళ్తుంది. కాపలాదారు కథను రెండో పుస్తకంలో, మీ హక్కుల కిందే వేసుకోండి.