కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం

కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం హైదరాబాదు నగరంలో బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ ప్రాంతాల మధ్య ఉన్న సంరక్షిత అటవీ ప్రాంతం. వాడుకలో దీనిని కె.బి.ఆర్. పార్కు అంటారు. 1964 నుండి 1971 వరకు ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డి పేరు దీనికి పెట్టబడింది. దీని విస్తీర్ణం సుమారు 1.43 చదరపు కిలోమీటర్లు, అనగా 350 ఎకరాలకు కొంచెం ఎక్కువ. పూర్వపు ఎస్టేటు మొత్తాన్ని దృష్టిలో ఉంచుకొని 390 లేదా 400 ఎకరాలు అని చెప్పడం కూడా కద్దు. నాలుగు వైపులా రోడ్లు, భవనాలు ఉండగా మధ్యలో మిగిలిన ఈ అడవి తెలంగాణ అటవీ శాఖ నిర్వహణలో ఉన్నది.

నగరవాసులలో ఎక్కువ మందికి ఇది ఉదయపు నడకకు వెళ్ళే చోటుగానే తెలుసు. చట్టం దృష్టిలో మాత్రం ఇది పెద్ద పులులు తిరిగే అరణ్యాలకు ఇచ్చే హోదానే పొందిన ప్రాంతం. "జాతీయ ఉద్యానం" అనే అనువాదం కూడా ఈ అయోమయానికి కొంత కారణం. ఉద్యానం అనగా మనుషులు నాటి, నీరు పోసి పెంచిన తోట. ఇక్కడ ఉన్నది తోట కాదు. దక్కను పీఠభూమిపై సహజంగా పెరిగే పొద అడవి. హైదరాబాదు పడమటి గుట్టలన్నీ ఒకప్పుడు ఇలాగే ఉండేవి.

చరిత్ర

ఈ భూమి అసఫ్ జాహీ వంశీయుల ఎస్టేటులో భాగంగా ఉండేది. దీని మధ్యలో చిరాన్ ప్యాలెస్ అనే భవనం ఉన్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరిలో మరణించిన తరువాత ఆయన మనుమడు ముకరం జా ఎనిమిదవ నిజాము బిరుదును పొందాడు. చిరాన్ ప్యాలెస్ ఆయన నివాసంగా ప్రసిద్ధి చెందింది. భవనంతో పాటు మోర్ బంగళా, గోల్ బంగళా, గుర్రపు శాలలు, ఏనుగుల కొట్టాలు, మోటారు ఖానా, నీటి తొట్లు, అనేక బావులు ఈ ఆవరణలో ఉండేవి. వీటిలో కొన్నింటి ఆనవాళ్ళు చెట్ల మధ్య నేటికీ కనిపిస్తాయి. ముకరం జా 1970లలో ఆస్ట్రేలియాకు తరలివెళ్ళాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించాడు.

1976 నాటి పట్టణ భూ పరిమితి చట్టం ఈ ఎస్టేటుకు కూడా వర్తించింది. భవనాన్ని, దాని చుట్టూ ఉన్న కొద్ది ఎకరాలను మినహాయించి మిగిలిన భూమి ప్రభుత్వానికి దక్కింది. చుట్టుపక్కల గుట్టలు ఇళ్ళ స్థలాలుగా మారిపోతున్న కాలంలో ఈ భూమి మాత్రం అడవిగా నిలవడానికి, ఒకే కుటుంబం చేతిలో కంచె లోపల దీర్ఘకాలం ఉండిపోవడమే ముఖ్య కారణమని చెప్పవచ్చు. రాచరికపు విలాసం కోసం వేసిన గోడ ముళ్ళపందికీ నెమలికీ ఆశ్రయమైంది. దీనిని జాతీయ వనంగా ఏర్పాటు చేసిన సంవత్సరం కొన్ని జాబితాలలో 1994 అని, ఎక్కువ చోట్ల 1998 అని కనిపిస్తుంది.

అడవి స్వభావం

ఈ వనం ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవుల కోవకు చెందినది. నేల గ్రానైటు రాయి. దానిపై మట్టి పొర పలుచన. పెద్ద బండరాళ్ళు, వాటి సందులలో వేళ్ళూనిన చెట్లు, మధ్య మధ్య గడ్డి నేలలు ఇక్కడి భూదృశ్యం. వేప, మోదుగ, రేల, కానుగ, తుమ్మ, సీతాఫలం వంటివి ఈ ప్రాంతపు అడవులలో సాధారణంగా కనిపించే చెట్లు. సుమారు 600 జాతుల మొక్కలు, 140 జాతుల పక్షులు, 30 రకాల సీతాకోకచిలుకలు, సరీసృపాలు ఈ వనంలో ఉన్నట్లు సాధారణంగా చెబుతారు.

ఇటువంటి అడవిని ఒక్క ఋతువులో చూసి అంచనా వేయరాదు. మాఘ ఫాల్గుణాలలో ఆకులు రాలి, కొమ్మలు మోడులై, ఎండిన గడ్డితో అడవి నిర్జీవంగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారు దీనిని ఎండిపోయిన అడవి అనుకొని జాలిపడతారు. నిజానికి ఆకు రాల్చడం చెట్టు నీటిని పొదుపు చేసుకొనే పద్ధతి. ఆ ఆకులేని కొమ్మల మీదనే మోదుగ ఎర్రగా పూస్తుంది. ఎండలు ముదిరిన తరువాత రేల పసుపు గుత్తులు వేలాడతాయి. జూన్ నెలలో తొలకరి పడిన కొద్ది రోజులకే అంతా పచ్చబడుతుంది. పక్షులను గమనించదలచిన వారికి ఆకులు లేని కాలమే అనుకూలం.

జంతువులలో నెమలి ఇక్కడ ప్రసిద్ధమైనది. 1963 నుండి భారతదేశపు జాతీయ పక్షిగా ఉన్న నెమలికి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో స్థానం ఉన్నది. వానాకాలంలో మగ నెమళ్ళు పురివిప్పుతాయి. ఆ కాలం ముగిసిన తరువాత పొడవాటి ఈకలు వాటంతట అవే రాలిపోతాయి. తెల్లవారుజామున వీటి కూత చుట్టుపక్కల ఇళ్ళకు కూడా వినిపిస్తుంది. అడవి పందులు, ముంగిసలు, కుందేళ్ళు, ఉడుములు, పాములు కూడా ఉన్నాయి. అలుగు, ముళ్ళపంది, పునుగు పిల్లి, జంగపిల్లి వంటివి రాత్రివేళ సంచరించేవి గనుక నడకకు వచ్చేవారికి కనిపించడం అరుదు. ఏళ్ళ తరబడి ఇక్కడ నడిచినా ముళ్ళపందిని చూడనివారే ఎక్కువ. దారి పక్కన రాలిన నలుపు తెలుపు ముల్లు ఒకటి కనిపిస్తే అదే దాని ఉనికికి గుర్తు.

నడక దారులు

వనం చుట్టూ కంచె వెలుపల ఐదారు కిలోమీటర్ల పొడవైన కాలిబాట ఉన్నది. ఇది నగరపాలక సంస్థ పరిధిలోనిది. దీనిపై నడవడానికి రుసుము లేదు. లోపలి దారి అటవీ శాఖ పరిధిలోనిది. దానిలోకి ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళలలో టిక్కెట్టు లేదా పాసుతో అనుమతిస్తారు. ప్రధాన ద్వారం బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి వైపున ఉన్నది. 2019లో ప్రారంభమైన జూబ్లీ హిల్స్ చెక్ పోస్ట్ మెట్రో స్టేషను నుండి కూడా ఇక్కడికి చేరుకోవచ్చు.

లోపల సందర్శకులకు తెరిచిన భాగం పరిమితం. మిగిలిన అడవిలోకి ప్రవేశం లేదు. ఈ నిబంధనను కొందరు ఇబ్బందిగా భావిస్తారు గానీ, ఇంత చిన్న అడవిలో జంతువులు నిలిచి ఉండటానికి ఇదే ఆధారం. ఈ వనం సంపూర్ణ వృత్తాకారంలో ఉన్నదనుకొన్నా దాని వ్యాసార్థం 675 మీటర్లకు మించదు. అనగా అడవిలో ఎక్కడ నిలబడినా, అటువైపో ఇటువైపో అంతకంటె తక్కువ దూరంలోనే ఒక రోడ్డు ఉంటుంది. నిజమైన ఆకారం వంకరలు తిరిగినది కనుక ఆ దూరం ఇంకా తగ్గుతుంది. వాహనాల ధ్వని, రాత్రి దీపాల వెలుతురు, గాలికి కొట్టుకొచ్చే ప్లాస్టిక్ సంచులు, లాంటానా వంటి ఆక్రమణ మొక్కల విత్తనాలు అన్నీ అంచుల నుండే లోపలికి ప్రవేశిస్తాయి. వందల చదరపు కిలోమీటర్ల అడవికి అంచు ఒక చిన్న భాగం. ఈ వనం దాదాపు అంతా అంచే. నెమళ్ళకు, కోతులకు తినుబండారాలు వేయడం కూడా ఇక్కడ పెద్ద సమస్య. మనిషి చేతి తిండికి అలవాటుపడిన జంతువు రోడ్డు మీదికి వస్తుంది.

చట్టపరమైన రక్షణ

జాతీయ వనాలకు రక్షణ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 35వ సెక్షను ద్వారా లభిస్తుంది. జాతీయ వనంలో పశువులను మేపరాదు. వన్యప్రాణులను గానీ వాటి ఆవాసాన్ని గానీ నాశనం చేయరాదు. జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా సరిహద్దులను మార్చడం కుదరదు. అధ్యయనం, పరిశోధన, ఛాయాచిత్రణ, పర్యటన వంటి ప్రయోజనాలకు అనుమతితో ప్రవేశించవచ్చు.

ఈ రక్షణ అంతా కంచె దగ్గర ఆగిపోతుంది. కంచె వెలుపలి కాలిబాట మీద, రోడ్డు పక్కన ఉన్న పెద్ద చెట్లు జాతీయ వనంలోనివి కావు. వాటిని కొట్టడం 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతులకు సంబంధించిన విషయం. లోపలి పొద అడవికి శబ్దాన్నీ ధూళినీ అడ్డుకొనే తెర మాత్రం ఆ చెట్లే. పక్షులకు, ఉడుతలకు కంచె ఎక్కడ ఉన్నదో తెలియదు.

రోడ్ల వివాదం

ఈ అంచు గురించే వివాదం పుట్టింది. వనం చుట్టూ ఉన్న కూడళ్ళు నగరంలో అత్యంత రద్దీగా ఉండేవి. వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం కింద ఇక్కడ బహుళ అంతస్తుల వంతెనలు నిర్మించాలనే ప్రతిపాదన రాగా, 2016లో నగరవాసులు, నడకకు వచ్చేవారు, పర్యావరణవాదులు చెట్ల నరికివేతకు వ్యతిరేకంగా ఆందోళన చేశారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది.

వనం చుట్టూ ఉండవలసిన పర్యావరణ సున్నిత మండలం వెడల్పు ఈ వివాదంలో కీలకమైనది. 2020లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన నోటిఫికేషనులో ఈ మండలం 3 మీటర్ల నుండి 29.8 మీటర్ల వరకు నిర్ణయించబడింది. 3 మీటర్లు అనగా ఒక గది వెడల్పు మాత్రమే. 2022 జూన్‌లో సుప్రీం కోర్టు రక్షిత అడవుల చుట్టూ కనీసం 1 కిలోమీటరు మండలం ఉండాలని ఆదేశించినా, 2023 ఏప్రిల్‌లో ఆ ఆదేశాన్ని సవరించింది. నగరం నడుమ ఉన్న ఈ వనం చుట్టూ 1 కిలోమీటరు గీస్తే వేలాది ఇళ్ళు, ఆసుపత్రులు, దుకాణాలు అందులోకి వస్తాయి. ఒకే కొలత అన్ని అడవులకూ సరిపోదనే వాదనకు ఈ వనం మంచి ఉదాహరణ. 3 మీటర్లు చాలవనే వాదనకూ అంతే మంచి ఉదాహరణ.

2024లో రాష్ట్ర ప్రభుత్వం వనం చుట్టూ ఉన్న ఆరు కూడళ్ళలో వంతెనలు, అండర్‌పాస్‌ల నిర్మాణాన్ని మరల చేపట్టడానికి నిర్ణయించింది. దీనితో ఆందోళనలు, న్యాయస్థానాలలో వ్యాజ్యాలు తిరిగి మొదలయ్యాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి భూములలో చెట్ల తొలగింపును సుప్రీం కోర్టు నిలిపివేసిన తరువాత, నగరంలోని అడవుల విషయం మరింత విస్తృతంగా చర్చకు వచ్చింది. రెండు పక్షాల వాదనలోనూ బలం లేకపోలేదు. కూడళ్ళలో గంటల తరబడి ఆగి ఉండే వాహనాల పొగ కూడా అడవికి హానికరమే. అయితే వెడల్పైన రోడ్డు మరిన్ని వాహనాలను రప్పిస్తుందనే అనుభవం కూడా నగరాలకు ఉన్నది.

సమీపంలోని ఇతర వనాలు

హైదరాబాదు పరిసరాలలో మరి రెండు జాతీయ వనాలు ఉన్నాయి. వనస్థలిపురం దగ్గర విజయవాడ రహదారి పక్కన ఉన్న మహావీర్ హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం కలది. ఇది కృష్ణ జింకలకు ప్రసిద్ధి. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి ఆ పేరు పెట్టారు. చిలుకూరు దగ్గర ఉన్న మృగవని 3.6 చదరపు కిలోమీటర్లది. చుక్కల జింకలు అక్కడి ఆకర్షణ. ఈ రెండింటితో పోలిస్తే కాసు బ్రహ్మానందరెడ్డి వనం చాలా చిన్నది. బస్సులోనో మెట్రోలోనో వెళ్ళి, ఒక గంట నడిచి, తిరిగి పనికి పోగలిగిన అడవి మాత్రం ఈ మూడింటిలో ఇదొక్కటే.