ఒక్క అక్షరం ఇంటిపేరు

పెదనాన్న కాళ్ళ తిమ్మిర్లకి డాక్టరు రాసిన రక్తపరీక్షల రిపోర్టులో మూడు పేర్లు వరసగా ఉన్నాయి: యాంటీ-హు, యాంటీ-యో, యాంటీ-రి. ఏవో రసాయనాల పొట్టిపేర్లు కాబోలనుకున్నాను. కాదు, మనుషుల పేర్లు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్-కెటరింగ్ పరిశోధకులు ఆ యాంటీబాడీలకి రోగుల ఇంటిపేర్లే పెట్టారు. ఇంగ్లీషులో మొదటి రెండేసి అక్షరాలు, తెలుగులో రాస్తే ఒక్కోటి. మన ఇనీషియల్‌లాగే.

కథ అంతకంటే పాతది. 1948లో డెరెక్ డెన్నీ-బ్రౌన్ అనే న్యూరాలజిస్టు ఇద్దరు రోగుల గురించి రాశాడు. ఇద్దరికీ స్పర్శ పోయింది. ఇద్దరికీ ఊపిరితిత్తుల కేన్సర్. కణితి ఛాతీలో ఉంటే దెబ్బ నరాలకెలా తగిలింది?

1985లో ఒక ఆచూకీ దొరికింది. ఫ్రాన్సెస్క్ గ్రౌస్, జెరోమ్ పోస్నర్‌ల బృందం అలాంటి ఇద్దరు రోగుల రక్తంలో నరకణాలకి అతుక్కునే యాంటీబాడీని చూసింది. అదే యాంటీ-హు. సొంత ఒంటి ప్రొటీన్ల మీదే తయారయ్యే ఇలాంటివాటిని ఆటోయాంటీబాడీలంటారు. హు ప్రొటీన్లు ఉండాల్సింది నరకణాల్లో. స్మాల్ సెల్ ఊపిరితిత్తుల కేన్సర్ వాటిని తానూ తయారుచేస్తుంది. కణితిలో వాటిని చూసిన రోగనిరోధక వ్యవస్థ పరాయివనుకుని తిరగబడుతుంది. ఆ కోపం నరాల మీదకీ పోతుంది. చంపేది ఎక్కువగా టి-కణాలేననీ, యాంటీబాడీ సాక్షి మాత్రమేననీ తర్వాత తేలింది.

ఆ సాక్ష్యానికి విలువుంది. చాలామందిలో తిమ్మిర్లు ముందొస్తాయి, కేన్సర్ నెలల తర్వాత బయటపడుతుంది. యాంటీ-హు కనబడితే డాక్టర్లు ఛాతీ వెతుకుతారు, దొరక్కపోతే కొన్నాళ్ళాగి మళ్ళీ వెతుకుతారు. కానీ చచ్చిపోయిన నరకణాలు తిరిగి రావు. నా ఉద్యోగంలోనూ అంతే, అలర్ట్ మోగడం వేరు, సర్వర్ నిలబడటం వేరు.

అన్ని కేన్సర్లూ ఇలా అలర్ట్ ఇవ్వవు కూడా. 1982లో లయొనెల్ క్రాఫర్డ్ బృందం రొమ్ము కేన్సర్ రోగుల రక్తంలో పి53 అనే ప్రొటీన్ మీద యాంటీబాడీల కోసం వెతికితే, నూటికి 9 మందిలోనే కనబడ్డాయి. మిగతావాళ్ళకీ కేన్సర్ ఉంది, రక్తమే పలకలేదు. నెగటివ్ అంటే కేన్సర్ లేదని కాదు.

పెదనాన్నకి మూడూ నెగటివ్. 'హమ్మయ్య' అన్నాడాయన. నేను సగమే అన్నాను. ఫైలు మూసేముందు ఆ మూడక్షరాల్నీ ఇంకోసారి చదివాను. ఈసారి పేర్లలాగా.