ఒకే మోటారుకు కట్టుబడ్డ శ్రుతి, లయ

వినైల్ రికార్డు మీద శ్రుతి, లయ రెండూ ఒకే మోటారు చేతిలో ఉంటాయి. పళ్లెం వేగం పెంచితే పాట నడక పెరుగుతుంది, దాంతోపాటే స్వరమూ పైకి జరుగుతుంది. టెక్నో డీజేల కళ ఎదిగిన తీరును ఈ ముడి వైపు నుంచి చూస్తేనే సరిగా అర్థమవుతుందని నా నమ్మకం.

1970 ప్రాంతంలో న్యూయార్క్‌లోని శాంక్చువరీ క్లబ్బులో డీజే ఫ్రాన్సిస్ గ్రాసో రెండు రికార్డుల దరువులను ఒకటిగా నడిపించేవాడు. ఆ క్లబ్బు అంతకుముందు ఒక జర్మన్ బాప్టిస్టు చర్చి. అతను వేసే పాటల్లో డ్రమ్స్ వాయించింది మనుషులు. మనిషి చేతి నడక ఒకచోట బిగుస్తుంది, మరోచోట సడలుతుంది. అలాంటి రెండు పాటలను కాసేపైనా జోడుగా నడపాలంటే చెవి ఏమరుపాటుగా ఉంటే కుదరదు. తర్వాతి తరాలకు ఈ కష్టం చాలావరకు తప్పింది. 1983లో వచ్చిన రోలాండ్ టీఆర్-909 వంటి డ్రమ్ యంత్రాలు తాళం తప్పవు. 1979 నాటి టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2లో క్వార్ట్జ్ నియంత్రణ ఉన్న మోటారు, వేగాన్ని 8 శాతం వరకు పెంచే, తగ్గించే స్లైడరు ఉండేవి.

లయ చిక్కు తీరినా శ్రుతి చిక్కు మిగిలింది. వేగం 6 శాతం పెరిగితే స్వరం దాదాపు ఒక అర్ధస్వరం పైకి పోతుంది. నిమిషానికి 130 దరువుల పాటను 135కు లాగితే, అర్ధస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు జరుగుతుంది. ఒకే స్కేలులో ఉన్న రెండు పాటలు కూడా అప్పుడు పడవు. సరిచేద్దామని వేగం తగ్గిస్తే తాళం చెడుతుంది.

డెట్రాయిట్ టెక్నోలో ఒక పాయ ఈ చిక్కును పక్కన పెట్టగలిగింది. 1996లో విడుదలైన జెఫ్ మిల్స్ టోక్యో లిక్విడ్ రూమ్ మిక్స్ వినండి. వాద్యాల దరువే ప్రధానం కావడంతో పాటలు దూసుకొచ్చి తప్పుకుంటాయి, అపస్వరం నిలిచే వ్యవధి తక్కువ. డెరిక్ మే 1987 రచన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' అలా కాదు. బేస్ లైన్ లేకుండా పియానో, తీగల స్వరాలు బట్టబయలుగా ఉంటాయి. పొసగని పాటను దాని పక్కన పెడితే తప్పు వెంటనే వినబడుతుంది.

ముడిని విప్పే గణితం అప్పటికే ఉంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లానగన్, గోల్డెన్ 1966లోనే ఫేజ్ వొకోడరు పద్ధతిని ప్రకటించారు. వాళ్ల చూపు మాటల మీద, అంటే మనిషి గొంతు ప్రసారం మీద. దాన్ని అప్పటికప్పుడు నడిపే కంప్యూటర్లు సామాన్యుల చేతికి రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 2001లో బెర్లిన్ నుంచి వచ్చిన ఆబుల్‌టన్ లైవ్, శ్రుతిని కదపకుండా వేగం మార్చే పనిని సంగీత వేదిక మీదికి తెచ్చింది. దాన్ని రూపొందించిన గెర్హార్డ్ బేల్స్, రాబర్ట్ హెంకె ఇద్దరూ మోనోలేక్ పేరుతో టెక్నో చేసినవాళ్లే. ఈ పరికరం అవసరం నుంచి పుట్టిందని చెప్పడానికి అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

శ్రుతి స్థిరపడ్డాక జతలు వెతకడం తేలికైంది. పొసగే స్కేళ్లను చూపే కామెలాట్ చక్రంలో 12 అంకెలు, ఒక్కోదానికి మైనరుకు ఏ, మేజరుకు బీ, మొత్తం 24 స్కేళ్లు. పక్కపక్క అంకెల మధ్య దూరం షడ్జం నుంచి పంచమానికి ఉన్నంత. ఏడు స్వరాల్లో ఆరు ఉమ్మడివే కాబట్టి కలయిక హాయిగా ఉంటుంది. 2006లో వచ్చిన మిక్స్‌డ్ ఇన్ కీ సాఫ్ట్‌వేరు పాట స్కేలును తానే పట్టి ఆ అంకె చూపించింది. అయితే దరువు తప్ప పెద్దగా స్వరం లేని టెక్నో పాటలకు ఆ అంకె నమ్మదగింది కాదు, అక్కడ చెవే తీర్పరి. పైగా సాగదీసిన శబ్దంలో కిక్ డ్రమ్ తొలి దెబ్బ పదును మొద్దుబారుతుంది. అందుకే వేగంలో మార్పు కొద్దిపాటిదైతే శ్రుతిని కదలనివ్వని కీ లాక్‌ను ఆపేసి, స్వరం కాస్త జరిగినా సరేననుకునే టెక్నో డీజేలు ఇప్పటికీ ఉన్నారు.