ఖైదీల లెక్క దగ్గర ఆగిన సంధి: పన్‌మున్‌జోమ్ ప్రతిష్టంభనకు బాధ్యులెవరు?

కొరియా యుద్ధవిరమణ చర్చలు రెండేళ్లు సాగడానికి కమ్యూనిస్టుల మొండితనమే కారణమన్న మాట ఇప్పటికీ చెలామణిలో ఉంది. ఆ వాదానికి బలమైన ఆధారంగా నిలిచింది 1955లో వచ్చిన ‘హౌ కమ్యూనిస్ట్స్ నెగోషియేట్’. రాసింది ఐక్యరాజ్యసమితి సేనల తరఫున చర్చలు నడిపిన అమెరికన్ అడ్మిరల్ టర్నర్ జాయ్. ఒక పక్షం ప్రతినిధి చెప్పుకున్న కథనాన్నే తీర్పుగా తీసుకోవడం మీద ఈ వ్యాసకర్తకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. చర్చలు ఆగింది ప్రధానంగా యుద్ధఖైదీల దగ్గర. అక్కడ పెద్ద బాధ్యత వాషింగ్టన్‌దే. సాక్ష్యం కోసం దూరం వెళ్లనక్కర్లేదు, జాయ్ రాతలు చాలు.

1951 జులైలో కేసాంగ్‌లో మొదలై, తర్వాత పన్‌మున్‌జోమ్‌కు మారిన చర్చలు నవంబర్ 27 నాటికే సైనిక విభజన రేఖను తేల్చాయి. 1949 జెనీవా ఒప్పందం 118వ అధికరణం స్పష్టంగా ఉంది: పోరు ఆగాక ఖైదీలను ఆలస్యం లేకుండా విడిచి స్వదేశానికి పంపాలి. 1952 జనవరి 2న అమెరికా పక్షం కొత్త షరతు తెచ్చింది: వెళ్తామన్నవారినే పంపుతాం. బలవంతంగా ఎవరినీ అప్పగించబోమన్న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ మాటలో మానవత్వం లేదనడం అన్యాయం. అయితే వెళ్తామో ఉంటామో ఖైదీ భయం లేకుండా చెప్పగలిగాడా అన్నదే అసలు ప్రశ్న.

ఏప్రిల్ మొదట్లో అమెరికా పక్షం సుమారు 1,16,000 మంది తిరిగి వెళ్తారని అవతలివారికి అంచనా ఇచ్చింది. ఆ అంకె మీద ఆశతోనే వాళ్లు, ఎవరు వెళ్తారో ఖైదీలను ఒక్కొక్కరినీ అడిగే విచారణకు అడ్డు చెప్పలేదు, తిరిగొచ్చేవారికి క్షమాభిక్ష కూడా ప్రకటించారు. విచారణ ముగిసేసరికి అంకె 70,000కు పడిపోయింది. దక్షిణ కొరియాలోని కోజె దీవి శిబిరాల్లో చైనా ఖైదీల ఆవరణలు చాలావరకు కమ్యూనిస్టు వ్యతిరేక ఖైదీ నాయకుల గుప్పిట్లో ఉండేవి. వంటిమీద బలవంతపు పచ్చబొట్లు, దెబ్బలు, హత్యలు అక్కడ జరిగాయి. 1952 మే 12న జాయ్ తన డైరీలో దుబాసీల నివేదికను నమోదు చేసుకున్నాడు: వెళ్తామన్నవారిని ఒళ్లు కమిలేలా కొట్టారు, కొందరిని చంపారు, అత్యధికులు భయంతో మనసులో మాట చెప్పలేకపోయారు. ఈ డైరీ 1978లో అచ్చయింది. 1952లోనే ఇంత తెలిసిన మనిషి 1955లో నిందను ప్రధానంగా అవతలి బల్ల మీదికి నెట్టడం నిలదీయాల్సిన విషయమే. వెళ్తామన్నవారినే స్వదేశానికి పంపే సూత్రం యుద్ధాన్ని ఏడాదికి పైగా పొడిగించిందని అదే పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నాడు కూడా. ఆ పేజీని పట్టించుకోకుండా పుస్తకం పేరునే ఉదాహరించే అలవాటు మనల్ని చాలాకాలం పక్కదారి పట్టించింది.

అదే మే నెలలో మరో ఘటన. 7న కోజె ఖైదీలు శిబిరాధికారి బ్రిగేడియర్ జనరల్ డాడ్‌ను బందీగా పట్టుకున్నారు. బలవంతపు విచారణ ఇక ఉండదని ఆయన స్థానంలో వచ్చిన కోల్సన్ రాసిచ్చాక 10వ తేదీ రాత్రికి వదిలేశారు. పైఅధికారులు ఆ పత్రాన్ని తోసిపుచ్చి, ఇద్దరినీ కల్నల్ హోదాకు దించారు. ఖైదీలు డబ్బు అడగలేదు, విడుదలా అడగలేదు. అడిగినవాటిలో ముఖ్యమైనది విచారణ ఆపమని. పన్‌మున్‌జోమ్‌లో ముడి పడింది సరిగ్గా అక్కడే. అక్టోబర్ 8న అమెరికా పక్షం చర్చలను నిరవధికంగా వాయిదా వేసి లేచిపోయింది.

వి.కె. కృష్ణమీనన్ చొరవతో వచ్చిన భారత తీర్మానం 1952 డిసెంబర్ 3న 54–5 ఓట్లతో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో నెగ్గింది. ఖైదీలను తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించాలన్నది దాని సారం. మాస్కో, బీజింగ్ తిరస్కరించాయి, నిజమే. కానీ ఏప్రిల్ అంకెల దెబ్బ తిన్నవారు అమెరికా కూడా ఓటేసిన ప్రతిపాదనను నమ్మకపోవడంలో వింతేముంది? 1953 జూన్ 8న కుదిరిన ఒప్పందం దాదాపు ఆ చట్రమే, భారత్ అధ్యక్షతతో. భారత జనరల్ తిమ్మయ్య నాయకత్వంలోని ఆ కమిషన్ మెజారిటీ నివేదిక కూడా ఖైదీల సంఘాలు బలప్రయోగంతో తోటివారిని ఆపాయని తేల్చింది. చివరికి 14,000 మందికి పైగా చైనా ఖైదీలు తైవాన్‌కు చేరారు.

యుద్ధం సాగడం స్టాలిన్‌కూ అనుకూలమేనని, 1953 మార్చిలో ఆయన మరణించాకే మాస్కో మెత్తబడిందని సోవియట్ పత్రాలు చెబుతాయి. అయితే అది సంధి ఎప్పుడు కుదిరిందో చెబుతుందే తప్ప, ముడి ఎవరు వేశారో చెప్పదు.

బందీల చర్చల్లో ఈ వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చేతిలో ఎక్కువ మందిని, ఎక్కువ బలాన్ని పెట్టుకున్న పక్షం కొత్త షరతు తెస్తుంది, ఆలస్యానికి రెండో పక్షాన్ని నిందిస్తుంది. 2024 మే 31న బైడెన్ ప్రకటించిన మూడు దశల గాజా ప్రణాళిక చట్రంలోనే 2025 జనవరి ఒప్పందం కుదిరింది. ఆ మధ్య నెలల్లో గాజా–ఈజిప్టు సరిహద్దులోని ఫిలడెల్ఫీ కారిడార్‌ను వదలబోమన్నది ఇజ్రాయెల్ నేత నెతన్యాహు. హమాస్ తప్పులు ఎన్ని ఉన్నా, ఆ నెలల లెక్క ముందుగా ఆయన నుంచే అడగాలి.