నున్నని టైరు, గాళ్ల టైరు



నేటి ప్రసంగమునకు విషయము టైరు. ఇది ప్రసంగింపదగిన వస్తువా యని కొందఱికి తోపవచ్చును గాని, సాలూరు ప్రాంతపు పెద్దల కా సందేహము కలుగదు. వేగావతి యొడ్డునగల యీ పట్టణము లారీలవలన పేరు పొందినది. మోటారు పుట్టుకకు పూర్వము బంజారీలు పెరికెయెద్దులపై ఉప్పు వేసికొని యీ కనుమల వెంట జయపురమునకును, బస్తరునకును పోవుచుండిరి. పిమ్మట బండ్లును, బండ్ల పిమ్మట లారీలును వచ్చినవి. కొరాపుట్టునుండి పొట్టంగి, సుంకిల మీదుగా ఘాటు రోడ్డున సరకుల లారీ దిగుచున్నప్పుడు డ్రైవరు ప్రాణమును, క్లీనరు ప్రాణమును నేలను తాకుచున్న జానెడు రబ్బరుపై ఆధారపడి యుండును.

ఇటీవల కుఱ్ఱవాండ్రు చేయు వాదమొకటి కలదు. పందెపు కార్లకు గాళ్లు లేని నున్నని టైర్లే వేయుదురు. అవియే నేలను గట్టిగా పట్టును. అట్లయిన అరిగి గుండైన లారీ టైరును పాఱవేయనేల? ఈ వాదములో సగము నిజము గలదు. అందుచేతనే యిది వినువారిని మోసపుచ్చుచున్నది.

1839లో అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కాచి, యెండకు కరగక, చలికి పెళుసుగాక నిలుచునట్లు చేసెను. 1845లో స్కాట్లండువాడగు రాబర్టు థామ్సన్ గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. గుఱ్ఱపుబండ్ల కాలమున దాని నెవరును పట్టించుకొనలేదు. 1888లో బెల్ఫాస్టునందలి పశువైద్యుడు డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై దానినే మరల కల్పించెను. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్ బోర్డో పందెమున గాలిటైర్ల మోటారును, దారిపొడవున పంక్చర్లు పడుచున్నను విడువక నడపిరి.

ఈ తొలి టైర్లన్నియు నున్ననివే. ధూళిరోడ్లపై అవి చెల్లెను గాని, వానకు తడిసిన రాతిపఱపు వీధులలో కార్లు జాఱిపోసాగెను. కొందఱు టైరుపై తోలుపట్టీ వేసి ఉక్కుమేకులు దిగగొట్టిరి. 1904లో జర్మనీదేశపు కాంటినెంటల్ కంపెనీవారు గాళ్లుగల టైరును తెచ్చిరి. 1908లో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీవారు తమ పేరును, జాఱనిదను మాటను అక్షరములుగా టైరుపై పోసిరి. బండి నడచిన చోటనెల్ల దుమ్ములో వారి ప్రకటన అచ్చుపడుచుండెను. వర్తకుని తెలివి యట్టిది.

గాడి నేలను పట్టునది కాదు. పట్టునది రబ్బరు. మెత్తని రబ్బరు రోడ్డురాళ్ల సందులలోనికి దిగి, వానిని కఱచుకొని నిలుచును. గాడి నీరు పోవుటకు త్రవ్విన కాలువ మాత్రమే. పొడినేలపై ఎన్ని గాళ్లున్న అంత రబ్బరు నేలకు దూరమైనట్లే. అందుచేత 1971 నుండి ఫార్ములా వన్ పందెములలో పొడినేలకు నున్నని టైర్లు వచ్చెను. 1998లో వేగము మితిమీఱినదని తలచి, దానిని తగ్గించుటకే నిర్వాహకులు టైర్లకు గాళ్లు పెట్టించిరి. 2009లో వానిని తీసివేసిరి. ఇంతకంటె సాక్ష్యమేల? వాన కురిసినచో ఆ పందెగాండ్రును గాళ్ల టైర్లకే మారుదురు.

ఇక గుండైన లారీ టైరు సంగతి. పందెపు టైరునకు మెత్తని క్రొత్త రబ్బరు నిండుగా నుండును. లారీ టైరు బరువు మోయుటకును, పెక్కునాళ్లు మన్నుటకును చేసిన గట్టి రబ్బరు. అది అరిగిన పిమ్మట లోపలి పొరలకును రాళ్లకును నడుమ మిగులునది కొంచెమే. రెంటికిని పోలిక నునుపు మాత్రమే. నీటిపై చక్రము తేలిపోవు వేగము గాలి యొత్తిడినిబట్టి యుండునని 1963లో అమెరికాలోని నాసా పరిశోధకులు లెక్కగట్టిరి. దాని ప్రకారము 30 పౌనుల గాలిగల కారు టైరు గంటకు సుమారు 90 కిలోమీటర్ల వేగమున తేలును. 100 పౌనుల లారీ టైరునకు 160 దాటవలెను. కావున లారీకి భయము లేదందురేమో. తేలకున్నను, పలుచని నీటిపొరయు బురదయు చాలును, మలుపున జాఱుటకు. కార్లకును లారీలకును 1.6 మిల్లీమీటర్లకు తక్కువ లోతు గాడి యుండరాదని మన చట్టము. కట్టు చెడని టైరునకు రీట్రేడింగు చేయించుట తప్పుగాదు.

ఈ రెంటి నడుమ పుట్టినది సెమీ స్లిక్కు: మెత్తని రబ్బరు, స్వల్పమైన గాళ్లు. వినోదమునకు తమ కారునే ట్రాకుపై నడుపుకొను యువకులకై యిది యేర్పడినది. పూర్వము మద్రాసు చెంత షోళవరమున యుద్ధకాలపు విమానరంగముపై పందెములు జరిగెడివి. 1990 నుండి ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేక మార్గము కలదు. మీ మనుమడు అట్టి టైర్లు కొనబోవుచో, ప్రక్కన ముద్రించిన ట్రెడ్‌వేర్ అంకెను చూడుమనుడు. మామూలు టైరున కది 300 మొదలు 500 వఱకు నుండగా, వీనికి 200 లేక అంతకు తక్కువ. అంకె తగ్గినకొలది పట్టు హెచ్చును, అరుగుదలయు హెచ్చును. మొదటిసారి పోవువానికి 200 చాలును. మిక్కిలి పట్టుగల టైరు వాని తప్పులను కప్పిపుచ్చి, ఒక్కసారిగా విడిచిపెట్టును. ఈ రబ్బరు వేడెక్కినగాని పనిచేయదు. వేడెక్కినకొలది లోపలి గాలి పెరుగును గనుక నడుమ కొంత విడువవలెను. చల్లారిన పిదప తిరిగి నింపకయే యింటిదారి పట్టరాదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు చెంత జరిగిన ఫార్ములా ఇ పందెమున కార్లన్నియు గాళ్లుగల టైర్లపైననే పరుగెత్తెను. ఎండకును వానకును ఆ టైరొక్కటే.

సాలూరునుండి మద్రాసునకు దాదాపు 900 కిలోమీటర్లు. మనకు జ్యేష్ఠము మొదలు వాన, అక్కడ ఆశ్వయుజము మొదలు వాన. కావున మామూలు టైర్లపై ప్రయాణముచేసి, సెమీ స్లిక్కులను వేఱు చక్రములకు ఎక్కించి వెంట తీసికొనిపోయి, ట్రాకు వాకిట మార్చుకొనుట మేలు. జాకీయు, నాలుగు చక్రములు పట్టు చోటును ఉన్న చాలును. మార్చుటకు అరగంట పట్టును.