మూర్ఛ మెదడులో కొత్త నాడీకణాల పుట్టుక

మూర్ఛ వ్యాధి వల్ల ఎదిగిన మెదడులో కొత్త నాడీకణాలు పుట్టే తీరు మారిపోతుంది. ఈ మార్పును ఎక్కువగా టెంపోరల్ లోబ్ మూర్ఛలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే భాగంలో గమనించారు.

నేపథ్యం

ఎదిగిన మెదడులో నాడీకణాలు నశించడమే తప్ప కొత్తవి పుట్టవని స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ 20వ శతాబ్దం తొలినాళ్లలో చెప్పిన మాట దశాబ్దాలపాటు చెల్లింది. ఎలుకల హిప్పోక్యాంపస్‌లో జననం తర్వాత కూడా నాడీకణాలు పుడతాయని 1965లో జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ చూపినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1998లో పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ బృందం పెద్దవయసు మనుషుల్లోనూ అలాంటి కణాలను గుర్తించింది.

1997 ప్రయోగాలు

అంతకు ఏడాది ముందే ఈ విషయం మూర్ఛ పరిశోధనలోకి వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాక్ పేరెంట్, డేనియల్ లోవెన్‌స్టీన్ తదితరులు పైలోకార్పిన్ మందుతో ఎలుకలకు దీర్ఘమైన మూర్ఛ తెప్పించారు. విభజన చెందే కణాల డీఎన్‌ఏలో చేరే బీఆర్‌డీయూ అనే రసాయనంతో కొత్త కణాలకు గుర్తు పెట్టారు. కొద్ది రోజుల్లోనే డెంటేట్ గైరస్‌లో కణాల పుట్టుక బాగా పెరిగింది. అదే ఏడాది స్వీడన్ పరిశోధకులు, విద్యుత్ ప్రేరణతో వచ్చే చిన్నపాటి మూర్ఛల తర్వాత కూడా కొత్త కణాలు పెరుగుతాయని చూపారు.

దారి తప్పిన కణాలు

మామూలుగా ఇక్కడ పుట్టిన కణం కొద్ది దూరం జరిగి గ్రాన్యూల్ పొరలో కుదురుకుంటుంది. సంకేతాలను అందుకునే దాని కొమ్మలు, అంటే డెండ్రైట్లు, ఒకవైపే విచ్చుకుంటాయి. మూర్ఛ తర్వాత పుట్టిన కణాల్లో కొన్ని మాత్రం పక్కనున్న హైలస్ అనే భాగంలోకి వెళ్లిపోతాయి. మరికొన్నింటికి అడుగువైపు కూడా డెండ్రైట్లు మొలుస్తాయి. దాంతో పక్క కణాల నుంచి వచ్చే ఉత్తేజం వాటికి నేరుగా అందుతుంది. హైలస్‌లో చేరిన కణాలు హిప్పోక్యాంపస్‌లోని సీఏ3 అనే భాగపు కణాలతో ఏకకాలంలో ఉత్తేజితమవుతున్నాయని 2000లో హెలెన్ షార్ఫ్‌మన్ బృందం నమోదు చేసింది.

కారణమా, ఫలితమా?

2012లో స్టీవ్ డాంజర్ ప్రయోగశాల, ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకల్లో కొద్దిపాటి కొత్త గ్రాన్యూల్ కణాల నుంచి మాత్రమే, కణాల పెరుగుదలను అదుపు చేసే పీటెన్ జన్యువును తొలగించింది. అంతమాత్రానికే వాటికి మూర్ఛ వచ్చింది. 2015లో జెనీ షే బృందం, మూర్ఛ తెప్పించడానికి ముందే కొత్త కణాల పుట్టుకను అడ్డుకుంది. తర్వాత వచ్చిన మూర్ఛలు సుమారు 40 శాతం తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. అంటే కొత్త కణాలు మూర్ఛకు ఒక కారణమే కానీ ఏకైక కారణం కావు.

దీర్ఘకాలిక దశ, మనుషులు

తొలి పెరుగుదల నిలవదు. వ్యాధి ముదిరిన ఎలుకల్లో ఈ పుట్టుక బాగా పడిపోతుందని భారతి హట్టియంగడి, అశోక్ శెట్టి తదితరులు 2004లో తెలిపారు. మనుషుల్లో ఆధారాలు ప్రధానంగా శస్త్రచికిత్సలో తీసిన కణజాలం నుంచి వచ్చాయి. 2018లో షాన్ సోరెల్స్ బృందానికి పెద్దవయసు వారి నమూనాల్లో లేత నాడీకణాలు కనిపించలేదు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మాత్రం 2022లో మూర్ఛ రోగుల కణజాలంలో వాటిని గుర్తించారు. వ్యాధితో గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ అవి తగ్గిపోతున్నాయని పేర్కొన్నారు.