షూ షియాకె నడచిన నైరుతి త్రోవ

గ్వీలిన్ నగరమున బయలుదేరి, లీ నది వెంబడి యాంగ్‌షువోకు దిగి, గ్వీజో కొండలను దాటి యున్నాన్ రాష్ట్రము చేరి, కున్మింగ్, దాలి పట్టణముల మీదుగా మంచుకొండ యండనున్న లిజియాంగ్ వరకు సాగు త్రోవ, వీపున సంచి తగిలించుకొని కొద్దిపాటి సొమ్ముతో నెలల తరబడి చీనా దేశమును చూడబోవు యువజనులకు నేడు మిక్కిలి పరిచితమైనది. ఆ యూళ్లన్నింటిని ఒక్క యాత్రలో చుట్టి, నడచిన దూరమును, పండుకొన్న చోటును, కొన్న బియ్యమును, కూలివానికిచ్చిన పైకమును ఏనాటికానాడు కాగితముపై నెక్కించినవాడు మింగ్ వంశపు చివరి దినములలో నొకడు గలడు. అతడు జియాంగ్‌సూ ప్రాంతమందలి జియాంగ్‌యిన్ నివాసి షూ హోంగ్‌జు. లోకము షూ షియాకె అని పిలిచినది. జననము 1587, మరణము 1641. కొలువులో చేరక, వర్తకము నెరపక, సర్కారు పనిపై పోక, కేవలము చూడవలెనను కోరికతో ఇల్లు విడిచిన యొక గృహస్థు నాలుగేండ్ల కాలము దేశాంతరములలో నెట్లు బ్రతికెను, ఆ బ్రతుకు ఖర్చు నెవరెవరు భరించిరి అను ప్రశ్నకు ఆతని దినచర్యలో దొరకు సమాధానము రాజుల యుద్ధముల చరిత్రకంటె నాకు విలువైనదిగా తోచుచున్నది.

అక్కాలమున ప్రయాణ సన్నాహమనగా మొదట అనుమతి. మింగ్ శాసనము ననుసరించి సామాన్య ప్రజ సొంతవూరికి 100 లీలు, అనగా సుమారు 50 కిలోమీటర్లు, దాటిపోవలెనన్న స్థానికాధికారి యిచ్చు ప్రయాణపత్రము చేత నుండవలెను. షూ కాలము నాటికి ఆ కట్టడి చాలవరకు సడలినది గాని, దాని వేరు బహుపురాతనము. 7వ శతాబ్దమున హ్యుయన్‌త్సాంగ్ తాంగ్ ప్రభుత్వపు నిషేధమును దాటి, పత్రము లేకయే పశ్చిమపు సరిహద్దు గడచి భారతదేశమునకు వచ్చెను. ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి అభిధర్మము చదువుకొన్న ఆ మహానుభావుడు, మన కృష్ణాతీరము వారికెంత పూజ్యుడైనను, బయలుదేరిన నాడు స్వదేశపు చట్టము దృష్టిలో అపరాధియే.

అనుమతి తరువాత కావలసినది త్రోవ యెరుక. 1570లో హ్వీజో వర్తకుడు హ్వాంగ్ బియాన్ అనునతడు, ఇరువది యేండ్లకు పైగా తోడి వర్తకుల వలన సేకరించిన సమాచారమంతయు గూర్చి, దేశమందలి జలమార్గ స్థలమార్గములను 144 వరుసలుగా వివరించు నొక మార్గగ్రంథము ప్రకటించెను. ఏ మజిలీకి ఏ మజిలీ ఎన్ని లీలు, ఏ రేవున పడవ మారవలెను, ఏ పాయలో దొంగల భయము గలదు, ఎచ్చట పడవ కేవు ఎంత అను సంగతులే అందలి విషయము. వర్ణన లేదు, స్తోత్రము లేదు. పరదేశమున చేతి సొమ్ము పోగొట్టుకొన్నవాని యనుభవము నుండి పుట్టిన ఆ వాక్యములలో ప్రయోజనము తప్ప మరియొకటి కానరాదు. అట్టి గ్రంథములు అచ్చుపడి అంగళ్లలో అమ్ముడుపోయినవనుటయే ఆ శతాబ్దమున చీనా సామాన్యజనము ఎంతగా సంచరించెనో చెప్పుచున్నది.

ఇక సొమ్ము. ఆ కాలపు యాత్రికుని మూటలో నాణెములకంటె ముఖ్యమైన సాధనము చిన్న చేతిత్రాసు. పెద్ద మొత్తములకు వెండి తూకమునకే చెల్లుచుండెను. అచ్చువేసిన వెండి నాణెము లేదు. సన్నని కాడపై గీతలు, ఒక ప్రక్క వ్రేలాడు చిన్న పళ్లెము, కాడపై జరుగు గుండు, ఈ మూడింటిని పెట్టుకొనుటకు సొరకాయ యాకారమున తొలిచిన కొయ్య యొర, దానితోడ వెండిని ముక్కలుగా నరకుటకు నొక బలమైన కత్తెర. బస దిగినచోట యజమాని త్రాసునకు, తన త్రాసునకు భేదము వచ్చును. వెండి మేలిమిలో భేదము వచ్చును. ఊరూరికి తూకపు ప్రమాణమే మారును. సుమారు 37 గ్రాములు తూగు లియాంగ్ అనునది పెద్ద మానము. దానిలో పదవ వంతు, నూరవ వంతు చూచుకొని కత్తిరించి యిచ్చుటలో ఏమరినవానికి రోజొక పూట భోజనము తరిగినట్లే. చిల్లరకు నడుమ చదరపు రంధ్రము గల రాగి కాసులు. వాని దండలు బరువు. పర్వతములెక్కు వాడు ఎన్నియని మోయగలడు?

పండుకొనుటకు మూడు విధములైన తావులుండెను. రాజమార్గముల వెంట 60 లేక 80 లీలకొకటిగా తపాలా ఠాణాలు గలవు. అవి రాజోద్యోగులకు మాత్రమే. ఊళ్లలో పూటకూళ్లిండ్లు గలవు. అచ్చట డబ్బిచ్చి తడి గడ్డి మీద, పొగలో, పందుల దొడ్డి ప్రక్కను నిద్రించిన రాత్రులను షూ ఏ యలంకారమును లేక వ్రాసికొన్నాడు. మూడవది దేవాలయము. బౌద్ధ సంఘపు పెద్ద విహారములు ఏ దిక్కునుండి వచ్చిన భిక్షువునకైనను తలుపు తెరచుట విధిగా పెట్టుకొన్నవి. సన్న్యాస ధ్రువపత్రమును చూపి, కాషాయమును భిక్షాపాత్రను కొక్కెమునకు తగిలించినంతనే ఆతనికి పడక, రెండుపూటల అన్నము లభించెడివి. గృహస్థునకు ఆ హక్కు లేకున్నను, నమస్కరించి యడిగినవానిని, యథాశక్తి దక్షిణ సమర్పించువానిని కొండమీది మఠములు త్రోసిపుచ్చలేదు. పట్టణములలో వేరొక యేర్పాటు గలదు. ఒకే జిల్లా వారు పరవూరిలో చందాలు వేసికొని కట్టుకొన్న సంఘభవనములు, పరీక్షలకు వచ్చిన విద్యార్థులకు, బేరమునకు వచ్చిన వర్తకులకు నీడనిచ్చుచు, దిక్కులేక చనిపోయినవానికి శవపేటిక కూడ సమకూర్చుచుండెను. దేశాంతరమున స్వగ్రామస్థుడు కనబడుట ఆనాటి యాత్రికునికి ప్రాణావలంబనమే.

తల్లిదండ్రులు జీవించియుండగా దూరదేశమునకు పోరాదను కన్ఫ్యూషియసు ధర్మము ప్రబలముగా నున్న సమాజమున షూకు ఈ బ్రతుకు దొరకుటకు కారణము ఆతని తల్లి. తండ్రి పోయిన పిమ్మట ఇంటిలో నేతపని నడిపించుచు సంసారమును నిలిపిన ఆ వాంగ్ వంశపు ఆడుబిడ్డ, కొడుకు తనకొరకై గూటిలో పక్షివలె నుండరాదని, ప్రయాణమునకు తగిన టోపీ నొకటి స్వయముగా తయారుచేసి యిచ్చి పంపెను. 1625లో ఆమె మరణించినది. అందాక ఏడాదికొకసారి యిల్లు చేరునట్లు యాత్రలు చేసిన కుమారుడు, 1636 శరత్కాలమున, ఏబదియేండ్ల ప్రాయమున, తిరిగి వచ్చుట యెన్నడో నిశ్చయించుకొనకయే నైరుతి దిక్కునకు పడవ యెక్కెను. వెంట జింగ్‌వెన్ అను భిక్షువు, గూ అను నౌకరు, మరియొక పనివాడు. ఈ కడపటివాడు కొలదికాలముననే పారిపోయెను.

మరు సంవత్సరము హునాన్‌లో, షియాంగ్ నదిపై, వెన్నెల రాత్రి కట్టివేసియున్న పడవపై దివిటీలతో కత్తులతో దొంగలు పడిరి. షూ ఒంటిబట్టలు విడిచి నీళ్లలోనికి దుమికెను, నౌకరు గాయపడెను, పడవకు నిప్పంటుకొన్నది. జింగ్‌వెన్ మాత్రము పడవ విడువలేదు. తన రక్తముతో వ్రాసిన సద్ధర్మపుండరీక సూత్రపు ప్రతి ఆతనివద్ద నుండెను. దానిని యున్నాన్‌లోని కుక్కుటపాదగిరికి సమర్పించుటయే ఆతని యాత్రకు ప్రయోజనము. దొంగలను బతిమాలి, వెదురుపెట్టె తెరపించి, ఆ గ్రంథమును, దానితోబాటు షూ వ్రాతప్రతులను మంటలనుండి బయటపడవేసెను. తెల్లవారిన తరువాత వేరొక ప్రయాణికుడు షూకు తన యంగీ, పైజమా తొడిగించెను. ఇతనికి ప్రత్యుపకారము చేయుటకు షూవద్ద మిగిలినదేమి? జుట్టుముడిలో చిక్కుకొనియున్న వెండి గుబిలిపుల్ల యొక్కటి. దానినే తీసి యిచ్చెను. హెంగ్‌జో పట్టణమున స్వస్థలమువాడొకడు దొరకగా, ఊరిలోని పొలము శిస్తును హామీగా వ్రాసియిచ్చి అప్పు తెచ్చుకొని, వెనుకకు పొమ్మని హితులు చెప్పుచున్నను, మరల ముందునకే నడచెను.

జింగ్‌వెన్ గ్వాంగ్‌షీలోని నాన్నింగ్ చేరునప్పటికి జబ్బుపడి, ఒక దేవాలయమున విడువబడి, షూ చుట్టుప్రక్కల ప్రాంతములు చూచి వచ్చులోపల కన్నుమూసెను. అస్థికలను కుక్కుటపాదగిరిలో ఉంచుమనుట ఆతని కోరిక. మహాకాశ్యపుడు మైత్రేయ బుద్ధుని రాకకై వేచియున్నాడని బౌద్ధులు చెప్పు మగధదేశపు పర్వతము పేరే ఈ చీనా పర్వతమునకు పెట్టినారు. షూ ఆ అస్థికలను మూటగట్టుకొని, గ్వాంగ్‌షీ గుహలు, గ్వీజో లోయలు, యున్నాన్ సరస్సులు దాటి, ఏడాదికి పైగా మోసికొనిపోయి 1638 చివర ఆ కొండపై నిక్షేపించెను.

ఇచ్చట పాఠకుల కొక సంగతి దాచకుండ చెప్పవలసియున్నది. గ్వాంగ్‌షీలో కొంత కాలము షూ చేతికి అధికారుల వలన తపాలా ముద్రిక యొకటి వచ్చెను. రాజకార్యముపై పోవువారికి మాత్రమే చెల్లవలసిన ఆ ముద్రికను చూపి ఆతడు గ్రామగ్రామమున పల్లకీ బోయీలను, మూటలు మోయువారిని, అన్నమును పొందుచు పోయెను. ఒక గ్రామమువారు తమ పొలిమేర వరకు మోసి మరుగ్రామమువారికి అప్పగింతురు. వారు అటుపై గ్రామమునకు. ఇది మన తెలంగాణ పల్లెలు వెట్టి యని యెరిగిన దౌర్జన్యమే. కొలదియేండ్లకు ముందు, 1629 ప్రాంతమున, ఇట్టి దుర్వినియోగముచేత ఖర్చు పెరిగినదని చక్రవర్తి తపాలా ఠాణాలను తగ్గించగా, పనిపోయిన వేలమందిలో లీ జిచెంగ్ యొకడని, ఆతడే తరువాత తిరుగుబాటుకు నాయకుడై 1644లో పెకింగ్ పట్టుకొనెనని చరిత్రకారులు చెప్పుదురు. షూను నేను మిక్కిలి గౌరవింతును. అయినను ఆ గ్రామస్థుల భుజములపై సాగిన మజిలీలను ఆతని ఘనతలో కలుపజాలను. అవి ఆతనికి ఉచితముగా దొరికినవి గాని, వాని వెల నాటుటకు పొలమునకు పోవలసిన రైతు చెల్లించినాడు. ఈ విషయమును మరుగుపరచక తన చేతితోనే వ్రాసిపెట్టుట ఆ గ్రంథపు నిజాయితీ.

ముద్రిక పోయిన తరువాతి షూ నాకు మరింత ప్రియుడు. యున్నాన్‌లో నొకచోట సంచి తడిమిచూచుకొనగా 30 కాసులు మిగిలినవి. అంతట పై చొక్కాయను, మేజోళ్లను, పట్టు అధోవస్త్రమును బస ముంగిట వ్రేలాడదీసి, ఏదైన నొకటి అమ్ముడుపోవునేమో యని కూర్చుండెను. చాలసేపటికి ఒకడు వచ్చి ఆ పట్టువస్త్రమును రెండువందల చిల్లర కాసులకు కొనెను. షూ సంతోషించి మద్యము, మాంసము తెప్పించి నౌకరుచేత వండించెను. లిజియాంగ్‌లో నాసీ జాతి దొర ము జెంగ్ ఇచ్చిన విందులో 80 రకముల వంటకములు వడ్డింపబడినవని కూడ ఆ దినచర్యయే చెప్పుచున్నది. ఆ యాదరమునకు బదులుగా షూ దొర రచనలను పరిష్కరించి, దొరకొడుకు వ్యాసములను దిద్దిపెట్టి, ఆతని కోరికపై కుక్కుటపాదగిరి చరిత్రను కూర్చెను. తన కలము చేసిన పనికి ప్రతిఫలముగా దొరికిన అన్నమది.

1639లో ఆ కొండమీదనే నౌకరు గూ పెట్టెలోని పైకమంతయు తీసికొని యింటిదారి పట్టెను. ఒంటరియై, పాదములు వ్యాధిపీడితములై నడువజాలని షూను ము జెంగ్ పల్లకీలో స్వస్థలమునకు పంపించెను. 1640లో ఇల్లు చేరి, మరు సంవత్సరము ఆతడు మరణించెను. ప్రాచీన గ్రంథములు చెప్పినట్లు మిన్ నది గాక జిన్షా నదియే యాంగ్‌సీ మహానదికి మూలమని, సున్నపురాతి గుహలు నీటిచేత తొలువబడినవని ఆతడు కన్నులారా చూచి వ్రాసెను. రాజవంశము మారిన కల్లోలమున వ్రాతప్రతి చెల్లాచెదరై, మిగిలిన భాగములు 1776లో గాని అచ్చుకాలేదు. 1928లో భూగర్భశాస్త్రజ్ఞుడు డింగ్ వెన్‌జియాంగ్ పటములతో పునర్ముద్రించిన పిమ్మట లోకమాతనిని శాస్త్రజ్ఞుడుగా గుర్తించినది. 1613లో తియాన్‌తాయ్ పర్వతయాత్రను గూర్చి వ్రాసిన తొలి పుటకు సరియగు మే 19వ తేదీని నేటి చీనా ప్రభుత్వము పర్యాటక దినముగా జరుపుచున్నది.

మూడున్నర శతాబ్దముల పిమ్మట, 1980 తరువాత, విదేశీయులు సొంత సంచులతో అదే త్రోవకు వచ్చిరి. మరల అనుమతియే మొదటి ప్రశ్న; తెరచిన యూళ్లు కొన్ని, పోరాని యూళ్లు పెక్కు, వానికి పోలీసువారి ప్రత్యేక పత్రము. మరల సొమ్ములో రెండు విధములు. 1980 ఏప్రిల్ 1 నుండి విదేశీయులకు వేరు మారకపు నోట్లు, దేశీయులకు సాధారణ యువాన్ నోట్లు. 1994 ఆరంభమున గాని ఆ వేరు నోట్ల జారీ ఆగలేదు. రైలులో గట్టి సీటు, గట్టి పడక, మెత్తని పడక అను అంతరములు, ఒకే గదిలో పెక్కు మంచములు పరచిన అగ్గువ బసలు ఆ కాలపు సామాన్య యాత్రికుని యనుభవము. 1984లో లోన్లీ ప్లానెట్ సంస్థవారి చీనా మార్గదర్శిని తొలిసారి వెలువడినది. దానిలోను మజిలీలు, కేవులు, పడకల ధరలు. హ్వాంగ్ బియాన్ చూచినచో అదేదో తెలిసికొనుటకు నిమిషము పట్టియుండదు.

దాలికి, లిజియాంగ్‌కు పోదలచిన తెలుగు యువతీయువకులకు నాదొక మనవి. టికెట్ల ధరలు, పడకల ధరలు విచారించుటతోబాటు షూ నైరుతి యాత్రా దినచర్యను ఏ భాషలో దొరికిన ఆ భాషలో కొంతయైనను చదివి పొండు. అక్కడి బోయీతో, బస యజమానితో, వంటవానితో బేరమాడుటలో తగ్గించు ప్రతి కాసు ఎవరి కూలి నుండి తగ్గుచున్నదో ఆలోచించుడు. చీనా భాష నేర్చినవారు మీలో నుండినచో, గ్వాంగ్‌షీ, యున్నాన్ భాగములను ముద్రిక కథతో సహా, ఏమియు విడువక, తెలుగు చేసి మాకిండు.